కాలేజీ గేటు ఎన్నిసార్లు మారింది? తమిళనాట ప్రవేశ పరీక్షల కథ, మన పిల్లకాయల తయారీ



వచ్చే సర్వసభ్య సమావేశంలో ఒక ప్రతిపాదన మీద ఓటు ఉంది. ప్లస్ టూలో మంచి మార్కులు తెచ్చిన మన పిల్లకాయలకు ఏటా ఇచ్చే బహుమతి మొత్తాన్ని పెంచాలని. బిడ్డను మెచ్చుకోవడానికి ఎవరూ అడ్డు చెప్పరు, నేనూ చెప్పను. అయితే చెయ్యి ఎత్తే ముందు ఒక చరిత్ర అందరూ చదివితే బాగుంటుందని ఇంత పొడవుగా రాస్తున్నాను. నేను చదివింది తమిళ మీడియం. తెలుగు అక్షరాలు మా నాయన ఇంట్లో పలక మీద దిద్దించినవే. నా తెలుగులో అక్కడక్కడా తమిళ వాసన తగిలితే మన ఇంటి వాసనే అనుకోండి.

మనలో చాలామంది ప్రవేశ పరీక్ష అంటే నీట్‌తోనే పుట్టింది అనుకుంటారు. అది నిజం కాదు. ఈ రాష్ట్రంలో కాలేజీ గేటు నూట అరవై ఏళ్ళకు పైగా మారుతూనే ఉంది. గేటు మారినప్పుడల్లా పిల్లకాయల తయారీ కూడా మారింది. మార్పును ముందుగా తెలుసుకున్న ఇల్లు లోపలికి పోయింది. తెలియని ఇంటి బిడ్డ, తెలివి ఉండి కూడా, బయట నిలబడిపోయింది.

మొదటి గేటు: మెట్రిక్యులేషన్

1857లో మద్రాసు విశ్వవిద్యాలయం పుట్టింది. కాలేజీలో చేరాలంటే విశ్వవిద్యాలయమే పెట్టే మెట్రిక్యులేషన్ పరీక్ష పాసవ్వాలి. పాఠం చెప్పేది బడి, పరీక్ష పెట్టేది ఇంకొకరు. ఈ రోజు మనం గొణుక్కునే ఏర్పాటు ఆనాటిదే. ఇంగ్లీషు తప్పనిసరి. రెండో భాషగా తమిళం, తెలుగు మాదిరి దేశభాషలు తీసుకోవచ్చు. 1910 ప్రాంతంలో ఆ స్థానంలోకి ఎస్.ఎస్.ఎల్.సి. వచ్చింది.

ఆ రోజుల్లోనే తెలుగువాళ్ళ మధ్య ఒక పెద్ద తగాదా నడిచింది. పరీక్షలో వ్యాసం పాత గ్రంథాల భాషలో రాయాలా, వాడుక భాషలో రాయవచ్చా అని. గిడుగు రామమూర్తి పంతులు, గురజాడ అప్పారావు ఒక తట్టు. జయంతి రామయ్య పంతులు ఇంకొక తట్టు. విశ్వవిద్యాలయం వేసిన ఉపసంఘంలో గురజాడ ఒప్పుకోకుండా 1914లో పెద్ద అసమ్మతి పత్రం రాసి ఇచ్చినారు. ఇది సాహిత్యం తగాదా అని మనం చదువుకున్నాము. దాని మూలం మాత్రం పరీక్ష పేపరే. పరీక్షలో ఏ భాషకు మార్కులు వేస్తారో బడిలో అదే నేర్పుతారు, బిడ్డ అదే నేర్చుకుంటుంది. ఈ సంగతి ఆ పెద్దలకు నూరేళ్ళకు పైగా ముందే అర్థమయింది. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఏర్పడి తెలుగు జిల్లాలకు వేరే దారి పడింది. మదురై, కోయంబత్తూరు, సేలం తట్టు స్థిరపడిన మనం మద్రాసు దారిలోనే ఉండిపోయినాము.

రెండో గేటు: సీట్లు, కోర్టులు, ఇంటర్వ్యూ

మెట్రిక్ పాసయితే కాలేజీ దొరికిన కాలం తొందరగానే పోయింది. డాక్టరు, ఇంజనీరు సీట్లకు అడిగేవాళ్ళు ఎక్కువ, సీట్లు తక్కువ. ఎవరికి ఇవ్వాలి? జస్టిస్ పార్టీ కాలంలో వచ్చిన కమ్యూనల్ జీవో ప్రకారం ప్రతి 14 సీట్లను సముదాయాల వారీగా పంచేవాళ్ళు. స్వాతంత్ర్యం వచ్చి, రాజ్యాంగం వచ్చిన తర్వాత చంపకం దొరైరాజన్ కేసులో 1951లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. అదే ఏడాది మొదటి రాజ్యాంగ సవరణ చేసి, వెనుకబడిన తరగతులకు ప్రత్యేక ఏర్పాట్లు చేసే అధికారం ప్రభుత్వాలకు ఇచ్చినారు. ఈ రోజు దేశమంతా ఉన్న బి.సి. రిజర్వేషన్ చట్టం వెనుక మద్రాసు మెడికల్, ఇంజనీరింగ్ సీట్ల తగాదా ఉందని మన పిల్లకాయలకు చెప్పాలి.

తర్వాత జిల్లాల వారీగా మెడికల్ సీట్లు పంచి చూసినారు. 1968లో సుప్రీంకోర్టు అదీ చెల్లదన్నది. ఆ తర్వాత మార్కులకు తోడు ఇంటర్వ్యూ. ఎం.బి.బి.ఎస్. ఎంపికలో పాఠాల మార్కులు 200 అయితే ఇంటర్వ్యూకు 75. పెరియకరుప్పన్ కేసులో 1970లో సుప్రీంకోర్టు ఆ ఇంటర్వ్యూ మార్కులు వేసిన తీరును తప్పుపట్టింది. 75 మార్కులంటే ఎంత? ఒక్కొక్క మార్కుకు వందమంది నిలబడే చోట, పది నిమిషాల మాటతో తల రాత మారిపోతుంది.

నేను పి.యు.సి. చదివింది 1976-77లో. మా వీధిలో ఇంటర్వ్యూ అనే మాటకు సిఫారసు అనే అర్థం ఉండేది. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, ఇంటర్వ్యూలో ఇంగ్లీషు. చెరకు తోటలో, మగ్గం గుంటలో పనిచేసే తండ్రికి ఆ గదిలో ఏం అడుగుతారో తెలియదు, బిడ్డకు చెప్పలేడు. మా జతలో బాగా చదివినవాళ్ళు కూడా ఆ తట్టు చూడకుండా టైపు, షార్ట్‌హ్యాండ్ నేర్చుకొని రైల్వేకు, బ్యాంకుకు, పోస్టాఫీసుకు పోయినాము. ఆ పరీక్షలకు మాత్రం పాత ప్రశ్నలు చేతులు మారేవి. ముందు పాసయినవాడు తర్వాతివాడికి చెప్పేవాడు. మన సముదాయంలో గవర్నమెంటు గుమాస్తాలు ఎక్కువగా, డాక్టర్లు తక్కువగా రావడానికి ఇది ఒక కారణమని నా లెక్క.

మూడో గేటు: 1984 ఎంట్రన్స్

1978లో పి.యు.సి. పోయి ప్లస్ టూ చదువు మొదలయింది. 1984లో ఎం.జి.ఆర్. ప్రభుత్వం ఇంటర్వ్యూను తీసేసి మెడికల్, ఇంజనీరింగ్ సీట్లకు ప్రవేశ పరీక్ష పెట్టింది. సిఫారసుకు బదులు అందరికీ ఒకే పేపరు. ఆ రోజు అది సంస్కరణే. మన ఊళ్ళలో చాలామంది సంతోషపడినారు.

తర్వాత్తర్వాత స్థిరపడిన లెక్క ఇది: ప్లస్ టూ పాఠాల నుంచి 200, ఎంట్రన్స్ నుంచి 100, మొత్తం 300. 296, 297 అంటూ కటాఫ్ చెప్పుకున్న కాలం మీకు గుర్తుండే ఉంటుంది. మార్చిలో ప్లస్ టూ పరీక్ష ముగుస్తుంది. ఎంట్రన్స్ వచ్చే దాకా మిగిలే కొన్ని వారాలలోనే కోచింగ్ వ్యాపారం పుట్టింది. చెన్నైలో, మదురైలో, కోవైలో క్రాష్ కోర్సులు. పల్లె బిడ్డ ఆ వారాలు ఊళ్ళో ఉంటే, పట్నం బిడ్డ రోజుకొక మోడల్ పరీక్ష రాసేది. ఒకసారి తప్పినవాళ్ళు ఇంప్రూవ్‌మెంట్ పేరుతో మళ్ళీ రాసి మార్కులు పెంచుకునేవాళ్ళు. మళ్ళీ ఒక ఏడాది కూర్చోబెట్టి సాకగలిగే ఇంటికే ఆ వసతి.

ఇక్కడొక విషయం గమనించండి. సిఫారసు పోయిందని సంతోషపడిన ఇరవై ఏళ్ళలోనే, దాని స్థానంలో కోచింగ్ ఫీజు వచ్చి కూర్చుంది. పరీక్ష అందరికీ ఒకటే, నిజమే. దానికి తయారయ్యే చోటు మాత్రం అందరికీ ఒకటి కాదు.

నాలుగో గేటు: మార్కులే మార్కులు

2005లో జయలలిత ప్రభుత్వం ఎంట్రన్స్‌నూ ఇంప్రూవ్‌మెంట్‌నూ ఎత్తేసింది. హైకోర్టు ఆపింది. 2006లో చట్టం తెస్తే దాన్నీ కొట్టేసింది. ప్రభుత్వం మారిన తర్వాత కరుణానిధి ప్రభుత్వం ఆనందకృష్ణన్ కమిటీ వేసి, కొత్త చట్టం చేసి, రాష్ట్రపతి ఆమోదం తెచ్చుకుంది. 2007 నుంచి ప్రొఫెషనల్ కోర్సులకు ప్లస్ టూ మార్కులే ఆధారం. రెండు పార్టీలూ ఒకే పని చేయాలనుకున్న అరుదైన సంగతి ఇది.

అప్పుడు కటాఫ్ 200కు. ఇంజనీరింగ్‌కు లెక్కలు 100, భౌతికం 50, రసాయనం 50. మెడికల్‌కు లెక్కల చోట జీవశాస్త్రం. గమనించండి, ఇందులో భాషా పేపరు మార్కు లేదు. 'తెలుగు తీసుకుంటే కటాఫ్ పోతుంది' అని మన ఇళ్ళలో చెప్పుకునే భయం ఈ గేటు విషయంలో ఎప్పుడూ నిజం కాదు.

ఈ కాలంలో తమిళ మీడియం పిల్లకాయలు, పల్లె పిల్లకాయలు మెడికల్ కాలేజీలకు పోయినారు. మన ఇళ్ళ నుంచి కూడా పోయినారు. కానీ ఇంకొక రోగం మొదలయింది. నామక్కల్, రాసిపురం తట్టు హాస్టల్ బళ్ళు. ప్లస్ వన్ పుస్తకం పక్కన పెట్టి, రెండేళ్ళూ ప్లస్ టూ పుస్తకాన్నే వల్లె వేయించడం. ట్రంకు పెట్టె, బకెట్టు, మొగం వేలాడేసుకున్న బిడ్డ, ఇలా సేలానికీ ఈరోడుకూ జూన్ నెలలో టికెట్లు కొన్న కుటుంబాలను నేను కౌంటరులో ఏటా చూసినాను. మార్కులు వచ్చినాయి. ప్లస్ వన్ పాఠం మాత్రం ఎవరికీ రాలేదు. దీన్ని ఆపడానికే 2018 మార్చిలో ప్లస్ వన్‌కూ పబ్లిక్ పరీక్ష పెట్టినారు.

మన సంఘం మార్కులకు బహుమతి ఇవ్వడం మొదలుపెట్టింది ఈ కాలంలోనే. అప్పటికి అది సరైన పని. గేటు దగ్గర అడిగేదీ మార్కులే, మనం మెచ్చుకునేదీ మార్కులే.

ఐదో గేటు: నీట్

2013 మేలో మొదటి నీట్ జరిగింది. జూలైలో సుప్రీంకోర్టు కొట్టేసింది. 2016 ఏప్రిల్‌లో ఆ తీర్పును అదే కోర్టు వెనక్కి తీసుకుంది. ఆ ఏడాది రాష్ట్ర ప్రభుత్వాల సీట్లకు ఆర్డినెన్సుతో మినహాయింపు దొరికింది. 2017లో దొరకలేదు. మినహాయింపు వస్తుంది, వస్తుంది అని ఆగస్టు దాకా చెప్తూ వచ్చినారు. ఆగస్టు 22న సుప్రీంకోర్టు నీట్ ప్రకారమే చేర్చుకోమన్నది. ప్లస్ టూలో 1200కు 1176 తెచ్చుకున్న అరియలూరు జిల్లా అనితకు నీట్‌లో 86 వచ్చింది. తండ్రి తిరుచ్చి మార్కెట్లో మూటలు మోసే కూలి. సెప్టెంబరు 1న ఆ బిడ్డ ప్రాణం పోయింది. ఆ రోజు ఏడ్వని ఇల్లు ఈ రాష్ట్రంలో లేదు.

1176 తెచ్చిన బిడ్డకు 86 ఎందుకు వచ్చింది? తెలివి లేక కాదు. పరీక్ష వేరు. ప్లస్ టూ పేపరులో జవాబును వివరంగా రాయాలి. నీట్‌లో 180 ప్రశ్నలు, 180 నిమిషాలు, 720 మార్కులు. ప్రశ్నకు ఒక నిమిషం. సరైతే 4, తప్పయితే ఒకటి పోతుంది. సగం ప్రశ్నలు జీవశాస్త్రం, తక్కిన సగం భౌతికం, రసాయనం. ప్లస్ వన్, ప్లస్ టూ రెండింటి పాఠమూ వస్తుంది. ప్లస్ వన్ చదవకుండా దాటిన బిడ్డకు సగం పేపరు మొదటిసారి చూసినట్టే ఉంటుంది. మార్చి రాసిన రాష్ట్ర పాఠ్యపుస్తకాలు బళ్ళకు రావడం కూడా 2018లోనే మొదలయింది.

2018 సంగతి నేను కళ్ళారా చూసినాను. అప్పుడు నేను రిజర్వేషన్ కౌంటరులో ఉన్నాను. మన రాష్ట్రం పిల్లకాయలలో చాలామందికి పరీక్షా కేంద్రం ఎర్నాకుళంలో పడింది, కొందరికి రాజస్థాన్‌లో. హాల్ టికెట్ జిరాక్సు చేతిలో పట్టుకొని తండ్రులు వరుసలో నిలబడినారు. బండ్లన్నీ వెయిటింగ్ లిస్టు. కేసు కోర్టులకు పోయింది కానీ కేంద్రాలు మారలేదు. కొడుకును ఎర్నాకుళం తీసుకుపోయిన తిరువారూరు జిల్లా తండ్రి ఒకరు, బిడ్డ పరీక్ష రాస్తున్న రోజే అక్కడ గుండె ఆగి చనిపోయినారు.

అదే ఏడాది తమిళ పేపరులో 49 ప్రశ్నలలో అనువాదం తప్పులున్నాయని కేసు పడింది. ప్రశ్నకు 4 చొప్పున 196 మార్కులు కలపమని హైకోర్టు మదురై బెంచి చెప్పింది. సుప్రీంకోర్టు ఆ తీర్పును నిలబెట్టలేదు. తర్జుమాలో అనుమానం వస్తే ఇంగ్లీషు పాఠమే ఖాయమని నిబంధన. 1914లో గురజాడ వాదించిన ప్రశ్న, బిడ్డ ఏ భాషలో పరీక్ష రాయాలనేది, వేరే వేషంలో మళ్ళీ వచ్చి నిలబడింది.

మనకు ఇంకొక మెలిక ఉంది. నీట్ పేపరు తెలుగులో కూడా ఉంటుంది. కానీ తెలుగు పేపరు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కేంద్రాలలోనే ఇస్తారు. హోసూరులోనో కోవిల్‌పట్టిలోనో రాసే మన బిడ్డకు ఇంగ్లీషు, హిందీ, ఉర్దూ, తమిళం, ఈ నాలుగే. 'తెలుగు మీద అభిమానం, తెలుగు పేపరు పెడదాం' అని దరఖాస్తు నింపే ముందు కేంద్రం ఎక్కడ పడుతుందో చూసుకోండి. మన బిడ్డలకు శాస్త్రం పదాలు వచ్చింది తమిళంలోనో ఇంగ్లీషులోనో. దేనిలో చదివినారో దానిలోనే రాయడం మేలు. అభిమానం ఇంట్లో మాటలో, సంఘంలో కథలో చూపిద్దాం.

లెక్కలు ఏం చెప్తున్నాయి

2021లో జస్టిస్ ఎ.కె. రాజన్ కమిటీ నీట్ ప్రభావం మీద నివేదిక ఇచ్చింది. అందులో రెండు లెక్కలు నన్ను ఆపినాయి. నీట్‌కు ముందు మెడికల్‌లో చేరినవాళ్ళలో తమిళ మీడియం పిల్లకాయలు నూటికి పద్నాలుగు, పదిహేను. తర్వాత రెండు, మూడుకు పడిపోయినారు. రెండోది, 2016-17లో చేరినవాళ్ళలో ఒక ఏడాదో రెండేళ్ళో ఆగి మళ్ళీ రాసినవాళ్ళు నూటికి 12. 2020-21లో 71. అంటే ఇప్పుడు సీటు అడిగేది మార్కులనే కాదు, ఒక ఏడాది తిండిని, ఫీజును, బిడ్డ ఓపికను కూడా.

దీనికి ఒక మందు 2020లో వచ్చింది. జస్టిస్ కలైయరసన్ కమిటీ సిఫారసు మీద, ఆరు నుంచి పన్నెండు దాకా ప్రభుత్వ బడిలో చదివి నీట్ పాసయినవాళ్ళకు 7.5 శాతం సీట్లు. వాళ్ళ ఫీజు ప్రభుత్వమే కడుతుంది. 2021 నుంచి ఇంజనీరింగ్ మాదిరి కోర్సులకూ ఇది ఉంది. ఎయిడెడ్ బడికి ఇది లేదు. ఎనిమిదో తరగతిలో ప్రభుత్వ బడి నుంచి తీసి అప్పు చేసి ఇంగ్లీషు మీడియం బడిలో వేసే మన తల్లిదండ్రులలో ఎందరికి ఈ లెక్క తెలుసు? బడి మార్చేది మీ ఇష్టం. తెలిసి మార్చండి.

నీట్ ఉండాలా, పోవాలా అనే వాదం శాసనసభలో, కోర్టులో జరుగుతూ ఉంది. ఎవరి అభిప్రాయం వాళ్ళది. తొమ్మిదో తరగతి బిడ్డ ఆ తీర్పు కోసం ఆగలేదు గదా. 2017 ఆగస్టు దాకా ఆగిన పిల్లకాయల గతి చూసినాము.

సంఘం ఏం చేయవచ్చు

నా ప్రతిపాదన చిన్నది. ప్లస్ టూ బహుమతి ఉన్నంతే ఉండనీ. పెంచాలనుకున్న డబ్బును తొమ్మిది, పది, ప్లస్ వన్ పిల్లకాయల మీద పెడదాం.

మొదటిది, మన మండపం పెళ్ళిళ్ళు లేని ఆదివారాలు ఖాళీగా ఉంటుంది. నెలకు రెండు ఆదివారాలు గడియారం పెట్టి, ఓ.ఎం.ఆర్. తాళ్ళ మీద మోడల్ పరీక్ష పెడదాం. మనలో రిటైరయిన భౌతికం, జీవశాస్త్రం టీచర్లు ఉన్నారు. పరీక్ష తర్వాత తప్పులు వాళ్ళు చెప్పాలి. పరీక్ష కన్నా ఆ చెప్పడమే ముఖ్యం. ఫీజు కట్టే కోచింగులో కూడా చాలా చోట్ల అది దొరకదు.

రెండోది, దారుల పట్టిక. డాక్టరు కావాలంటే నీట్. ఐ.ఐ.టి., ఎన్.ఐ.టి.కి జె.ఇ.ఇ. కానీ ఈ రాష్ట్రంలో ఇంజనీరింగ్, వ్యవసాయం, పశువైద్యం, నర్సింగ్ సీట్లకు ఈ రోజుకూ ప్లస్ టూ మార్కులే. ఎం.బి.బి.ఎస్. రాలేదని ఇంట్లో మూల కూర్చున్న బిడ్డకు పశువైద్యం దారి ఉందని చెప్పేవాళ్ళు లేకపోతే ఆ తప్పు బిడ్డది కాదు. కర్ణాటకలో మన వాళ్ళకు 1994 నుంచి సి.ఇ.టి. ఉంది. మహారాష్ట్రకు వాళ్ళ సి.ఇ.టి. యానాం పుదుచ్చేరి కిందికి వస్తుంది కనుక వాళ్ళది సెంటాక్ దారి. ఒక్కొక్క రాష్ట్రం సభ్యులు తమ పట్టిక తాము తయారు చేసి ఇస్తే ఒక పుస్తకం అవుతుంది.

మూడోది, మళ్ళీ రాయడం గురించి. ఒకసారి ఆగి రాస్తానంటే ఇంట్లో కూర్చొని మాట్లాడి ఒప్పుకోండి. రెండోసారి, మూడోసారి అనే ముందు బిడ్డ మొగం చూడండి. ఫలితాలు వచ్చే రోజు సంఘం పెద్దలు ఫస్టు వచ్చిన ఇంటికి శాలువాతో పోతారు. రాని ఇంటికి కూడా ఒకరు పోవాలి. శాలువా వద్దు, ఒక పూట కూర్చొని కాఫీ తాగి వస్తే చాలు.

ఈ చరిత్రలో నాకు కనిపించింది ఇంతే. మెట్రిక్ మారింది, ఇంటర్వ్యూ పోయింది, ఎంట్రన్స్ వచ్చి పోయింది, మార్కులు వచ్చినాయి, నీట్ వచ్చింది. రేపు ఇంకొకటి రావచ్చు. మన సంఘం బహుమతి మాత్రం ఇంకా 2007 గేటు దగ్గరే నిలబడి ఉంది.

మీ ఇంట్లో గానీ, మీ వీధిలో గానీ మన పిల్లకాయలు తొమ్మిది, పది, ప్లస్ వన్‌లో ఉంటే మూడు సంగతులు నాకు తెలపండి: ఏ తరగతి, ఏ మీడియం, ప్రభుత్వ బడా ప్రైవేటా. పేరు కూడా అవసరం లేదు. సమావేశానికి ఆ లెక్క పట్టిక వేసి తీసుకొని వస్తాను. నలభై ఏళ్ళు పట్టికలే వేసినాను, ఆ పని నాకు చేతనవును. లెక్క చూసిన తర్వాత ఓటు వేద్దాం.